టవర్ కింద నేల ఎవరిది?

చి. సౌ. మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శనివారాలు రెండు గంటలు అద్దెకు తీసుకుని తెలుగు కార్యక్రమం చేస్తున్న ఆ స్టేషన్‌నే యజమాని అమ్మకానికి పెట్టాడని, వెయ్యి వాట్ల ఏఎంకి తోడు, అదే కార్యక్రమాన్ని ఎఫ్ఎంలో తిరిగి వినిపించే చిన్న ట్రాన్స్‌మీటర్, ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ కూడా ఇస్తాడని, మొత్తం కలిపి ఇక్కడ ఒక మామూలు ఇంటి ధర కంటే తక్కువకే వస్తుందని రాశావు. కొనమంటారా వద్దంటారా అని అడిగావు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా శివారు ఊళ్లలో ఇలాంటి స్టేషన్లకు ముప్పై ఏళ్లు ఇంజనీరుగా తిరిగినవాణ్ణి కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను.

ఆయన నీకు స్టూడియో చూపించి ఉంటాడు. కొత్త మైకులు, కంప్యూటర్లు చూసి మురిసిపోకమ్మా, అవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. టవర్ ఉన్న చోటికి వెళ్లు. ఎఫ్ఎంలో టవర్ ఉత్త స్తంభం, యాంటెన్నా దాని మీద ఎక్కడో ఉంటుంది. ఏఎంలో టవరే యాంటెన్నా. పింగాణీ దిమ్మ మీద నిలబడి ఉంటుంది, నిలువునా కరెంటు పారుతుంది. కంచె దాటి చెయ్యి పెట్టావంటే కాలిపోతుంది. ఇక సగం యాంటెన్నా మట్టిలోనే ఉంటుంది. టవర్ మొదలు నుంచి బండిచక్రం ఆకుల్లా చుట్టూ రాగి తీగలు పాతుతారు, మామూలుగా 120. వెయ్యి కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో తీగ 75 మీటర్లు. అంటే తొమ్మిది కిలోమీటర్ల రాగి, నాలుగెకరాల పైచిలుకు నేల. రెండు మూడు టవర్లుంటే చెప్పనే అక్కర్లేదు.

అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న: ఆ నేల ఎవరిది? స్టేషన్ ధర అంత తక్కువ చెప్పాడంటే నేల అందులో లేదనే నా అనుమానం. ఈ స్టేషన్లు పెట్టిన రోజుల్లో ఊరి చివర చిత్తడి పొలాలు కారుచౌకగా దొరికేవి, తడి నేల సిగ్నల్‌కు మంచిది కూడా. ఇప్పుడు ఊరు ఆ పొలాల్ని దాటి పోయింది. స్టేషన్ ఏడాదంతా సంపాదించేది ఆ నేల ధర ముందు లెక్కలోకి రాదు. వాషింగ్టన్ శివారు బెథెస్డాలో డబ్ల్యూఎంఏఎల్ సంగతి చూడు. అది చిన్నదేమీ కాదు, పేరున్న పాత స్టేషన్. సుమారు 75 ఎకరాల టవర్ల స్థలం ఇళ్లు కట్టేవాళ్లకు 7 కోట్ల 40 లక్షల డాలర్లకు పోయింది. 2020లో నాలుగు టవర్లూ పడగొట్టారు.

నేను చూసుకున్న ఒక స్టేషన్‌లోనూ అదే జరిగింది. యజమాని ఎన్నడో నేల అమ్మేసి అక్కడే లీజు మీద నడుపుతున్నాడు. లీజు ముగిసింది, పొడిగించలేదు. ఆఖరి రోజు ట్రాన్స్‌మీటర్ ఆపింది నేనే. ఫ్యాన్లు మెల్లగా ఆగాక ఆ గుడిసెలో ఎంత నిశ్శబ్దమో! పాతికేళ్లలో ఆ గదిని అలా ఎన్నడూ వినలేదు. ఇంకోచోట టవర్ వేద్దామంటే ఆ ఊరివాళ్లు ఒప్పుకోలేదు. ఏకధాటిగా 12 నెలలు ప్రసారం ఆగితే లైసెన్సు దానంతటదే రద్దవుతుందని చట్టం. రద్దయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి లీజు కాగితం తెప్పించు. ఇంకా ఎన్నేళ్లుంది, పొడిగించే హక్కు ఎవరి చేతిలో ఉంది, నేల అమ్మితే నీకు ముందు చెప్పాలా లేదా, వకీలు చేత చదివించు. పదేళ్ల లోపైతే బేరం అక్కడితో ఆపెయ్. తీగలు ఉన్నాయో లేదో కూడా చూడాలి. రాగి దొంగలు తవ్వుకుపోయిన చోట్లు నేను చాలా చూశాను. 2024లో అలబామాలోని జాస్పర్ ఊళ్లో గడ్డి కోయడానికి వెళ్లిన మనుషులకు రెండొందల అడుగుల టవరే కనపడలేదని స్టేషన్‌వాళ్లు చెప్పారు. ఏఎం ఆగింది కనుక ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ ఒక్కటే నడపడం కుదరదంది, ఇక్కడ రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ.

అక్కడే నువ్వు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది. ట్రాన్స్‌లేటర్ ఏఎం కొంగు పట్టుకుని నడిచే బిడ్డ. దాని శక్తి 250 వాట్లకు మించదు. పూర్తిస్థాయి ఎఫ్ఎం స్టేషన్‌కు అడ్డొస్తే అదే తప్పుకోవాలి. 2015లో ఏఎంని బతికించడానికని ఎఫ్‌సీసీ ఈ దారి సులువు చేశాక చాలా చిన్న స్టేషన్లు దాని మీదే ప్రకటనలు తెచ్చుకుంటున్నాయి. ఒక మేలు మాత్రం నిజం. పొద్దుగూకితే ఏఎం తరంగాలు ఆకాశం నుంచి తిరిగొచ్చి దూరపు స్టేషన్ల మీద పడతాయి, అందుకని మీలాంటి స్టేషన్ రాత్రి శక్తి బాగా తగ్గించాలి. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దుపోతుంది, జనం ఆఫీసుల నుంచి కార్లలో బయల్దేరే వేళకే మీ గొంతు పీలగా అయిపోతుంది. ఆ లోటు ట్రాన్స్‌లేటర్ పూడుస్తుంది. లైసెన్సు మీద రాత్రి ఎన్ని వాట్లో చూడు. వెయ్యి వాట్లన్నది పగటి మాట.

కార్ల సంగతి అల్లుడు అడిగాడట. విద్యుత్ కార్ల మోటార్ల రొద ఏఎంలోకి దూరుతుందని కొన్ని కంపెనీలు రేడియోలోంచి దాన్ని తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తామని చెప్పి 2023 మేలో వెనక్కి తగ్గింది. ప్రతి కారులో ఏఎం ఉండాలని సెనేటర్లు మార్కీ, క్రూజ్ బిల్లు పెట్టింది కూడా ఆ నెలలోనే. దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకు.

ఇంకొకటి. నీది గ్రీన్ కార్డు కదా. పౌరసత్వం లేనివాళ్ల పేరున బ్రాడ్‌కాస్ట్ లైసెన్సు ఇవ్వరు. కంపెనీ పెట్టి దాని పేరున తీసుకున్నా, అందులో విదేశీయుల నేరు వాటా ఐదో వంతు దాటకూడదు. అల్లుడు పౌరుడే కాబట్టి దారి ఉంది, కానీ అది వకీలు చెప్పాల్సిన మాట.

ఇప్పుడు అసలు సంగతి. కేవలం తెలుగువాళ్ల కోసమైతే ఈ స్టేషన్ కొనొద్దు. మనవాళ్లు ఫోన్లో వింటారు, ఇంటర్నెట్ రేడియో పెట్టుకో. పాటలకు రాయల్టీ కట్టాల్సి వస్తుంది, అయినా టవర్ ఖర్చుతో పోలిస్తే అదెంత. ఏఎం కొనాలంటే ఆ ఊరి కోసం కొను. మన పల్లెలో పంచాయతీ ఆఫీసు గూట్లో రేడియో పెట్టేవారు. సాయంత్రం విజయవాడ కేంద్రం ధాన్యం ధరలు చెబుతుంటే మీ తాతయ్య అరుగు మీద కూర్చుని వేళ్ల మీద లెక్కేసుకునేవాడు. ఆ ధర రేపు ఆయన బండెక్కే బస్తాలది. మంచు పడ్డ పొద్దున ఏ బడికి సెలవు, ఏ వీధికి నీళ్లు రావు, హైస్కూలు ఫుట్‌బాల్ ఎవరు గెలిచారు, నిన్న ఎవరు పోయారు, ఇవి పక్క నగరపు పెద్ద స్టేషన్ చెప్పదు. గంటలు అమ్ముకోవడం తప్పు కాదు. గుజరాతీలకు, స్పానిష్ చర్చిలకు, కొరియన్లకు అమ్ము, కరెంటు బిల్లు అదే కడుతుంది. కానీ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఎంత ఇస్తామన్నా ఎవరికీ అమ్మొద్దు. అది కూడా అమ్ముకున్న స్టేషన్లను నేను చూశాను. మూసేసినప్పుడు ఊళ్లో ఒక్కరూ ఫోన్ చేసి అడగలేదు.

వచ్చే శనివారం నీ కార్యక్రమం అయ్యాక అక్కడే ఉండు, నేను మధ్యాహ్నానికి వస్తాను. బూట్లు వేసుకునిరా, టవర్ కింద బురద ఉంటుంది. నా పాత జేబు ట్రాన్సిస్టర్ తెస్తాను. పొద్దుగూకే వేళకు టవర్ దగ్గర బయల్దేరి నాలుగు దిక్కులా కారులో తిరుగుదాం. ఎక్కడ గొంతు వినపడకుండా పోతుందో ఆ వీధి పేరు నువ్వు కాగితం మీద రాసుకో. ఆ కాగితం, లీజు రెండూ పక్కపక్కన పెట్టుకుని ధర మాట్లాడదాం.

ఇట్లు,
మీ పెదనాన్న