పేజీ ఎంతో చెప్పండి: చదివే దంపతుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో ఇద్దరూ చదువుతారు. చదివినదాని గురించి మాట్లాడుకోవాలనీ ఉంటుంది. అయితే మాట రెండు ముక్కలతో ఆగిపోతుంది, లేకపోతే తగువులో తేలుతుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేశాం.

ప్రశ్న: పెళ్లై ఆరేళ్లయింది. ఇద్దరం పుస్తకాలు కొంటాం, చదువుతాం. తీరా “ఎలా ఉంది?” అంటే “బానే ఉంది” అంటారు. అంతటితో సరి. ఎక్కడ మొదలుపెట్టాలి?
(తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తిరకాసు మీ ప్రశ్నలోనే ఉందండీ. “ఎలా ఉంది?” అని కాఫీ గురించి అడిగినా, పప్పు గురించి అడిగినా ఆ జవాబే వస్తుంది. అడిగే పద్ధతి మార్చాలి, అంతకంటే ముందు పుస్తకం పరిమాణం తగ్గించాలి. నవలతో మొదలుపెట్టకండి. ఒకరు ముందు పూర్తిచేస్తారు, రెండోవారు మధ్యలో ఉంటారు, ఇద్దరికీ తీరిక దొరికేసరికి చదివింది సగం మరుపున పడుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నానికి రెండు కథలు చాలు. ఒకటి భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ (1902), రెండోది గురజాడ ‘దిద్దుబాటు’ (1910). రెండూ కలిపి గట్టిగా చదివినా గంటకు మించదు. రెండింట్లోనూ భర్త దారి తప్పితే భార్యే దిద్దుతుంది. అలాంటివి రెండు పక్కపక్కన ఉంటే పోల్చకుండా ఉండలేరు, పోలికలోంచే మాట పుడుతుంది.

చదవగానే మాట్లాడుకోవద్దు. పోస్టుకార్డంత కాగితం చెరొకటి తీసుకుని మూడు సంగతులు రాయండి. ఏ వాక్యం దగ్గర ఆగారు (పేజీ నంబరుతో సహా), ఎవరి మాట నమ్మబుద్ధి కాలేదు, రచయిత చెప్పకుండా వదిలేసింది ఏమిటి. పది నిమిషాలు చాలు. రాయకుండా మొదలుపెడితే ముందు నోరు విప్పినవాళ్ల అభిప్రాయమే గదంతా నిండిపోతుంది, రెండోవారికి తల ఊపడమో అడ్డు చెప్పడమో తప్ప వేరే పని ఉండదు. రాశాక కాగితాలు మార్చుకుని, మీది వారు, వారిది మీరు పైకి చదవండి. ఎదుటివాళ్ల మాట మన నోటితో చదువుతున్నంతసేపు దాన్ని ఖండించలేం. ఆ కాస్త వ్యవధి చాలా పని చేస్తుంది.

ఇక మాట ఎక్కడ అందుకోవాలంటే: అచ్చమాంబ కథలో భర్త యజమాని డబ్బు ఇంటికి తెస్తే భార్య మొహం మీదే కాదంటుంది. గురజాడ కథలో రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. చివరికి మంచం కింద నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి. ఎదురుగా నిలబడి చెప్పడం గట్టిదా, దాక్కుని ఉత్తరం పెట్టడం గట్టిదా? గోపాలరావు మారాడా, భయపడ్డాడా? ఒకరు “మారాడు” అంటారు. రెండోవారు “రేపు రాత్రి చూద్దాం” అంటారు. అప్పుడు ఎవరైనా సరే పేజీ తిప్పి చూపించాల్సిందే. అలా తిప్పినప్పుడు ఇంకోటి కంటపడుతుంది. తప్పు చేసింది గోపాలరావు, వీపు మీద గుద్దులు తిన్నది మాత్రం నౌకరు రాముడు. దిద్దుబాటు ఎంతవరకు జరిగిందో కొలవడానికి మా దృష్టిలో ఆ గుద్దులే అసలైన కొలబద్ద. మీవారు ఒప్పుకోకపోవచ్చు, అదీ మంచిదే.

ఒక జాగ్రత్త. ‘దిద్దుబాటు’కు మాటల్లో తేడా ఉన్న పాఠాలు చలామణిలో ఉన్నాయి. చెరో పుస్తకంలోనూ చదివితే “ఆ మాట లేదు”, “ఉంది” అని కథతో సంబంధం లేని వాదన మొదలవుతుంది. ‘కన్యాశుల్కం’ విషయంలో ఇది ఇంకా పెద్ద చిక్కు. 1897లో అచ్చైనది వేరు, 1909లో పెంచి, తిరగరాసింది వేరు. మనం మాట్లాడుకునే మధురవాణి చాలా మటుకు ఆ రెండోదానిలోని మధురవాణే. మొదటి పుట వెనక ఏ కూర్పో చూసుకుని కూర్చోండి.

ప్రశ్న: ‘మైదానం’ ఇద్దరం చదివాం. రాజేశ్వరి చేసింది నాకు నచ్చలేదన్నాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. చలాన్ని ఇంట్లోకి తేకూడదా?
(వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చలం 1927 నుంచీ ఇళ్లలోకి వస్తూనే ఉన్నాడు, తగువులు పెడుతూనే ఉన్నాడు. ఆయన్ని ఆపడం మన వల్ల కాదు. మీరు అన్న మాటను ఒకసారి సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. “రాజేశ్వరి చేసింది నచ్చలేదు” అన్నారా, “ఇలాంటి ఆడవాళ్లు” అన్నారా? ఏకవచనంలో మొదలైన మాట బహువచనంలోకి జారిన క్షణాన పుస్తకం మూతపడుతుంది. ఆ బహువచనంలో ఎదురుగా కూర్చున్న మనిషి కూడా ఉన్నారు కదా! మగపాత్రల విషయంలో ఆడవాళ్లు “మీ మగాళ్లంతా” అన్నా జరిగేది ఇదే.

మూడు ప్రశ్నల్ని కలిపేస్తాం కాబట్టే గొడవ. రాజేశ్వరి ఏం చేసింది? చలం ఆమెను ఎలా చూపించాడు? అది మనకు సమ్మతమేనా? ఇదే వరసలో వెళ్లండి, మూడోది ఆఖరున. మొదటి రెండింటికే సరిపడా సరుకుంది ఆ చిన్న నవలలో. కథంతా చెప్పేది రాజేశ్వరే. ఆమె భర్త గురించి మనకు తెలిసినదంతా ఆమె నోటి మీదుగా వచ్చిందే. ఎవరి కోసం ఆమె ఇల్లు విడిచిందో ఆ అమీర్ గురించి తెలిసిందీ అంతే. ఆమె ఏది చెప్పింది, ఏది దాటేసింది? ఏ చోట గొంతు మారింది? ఆ చోట్లు ముగ్గురివీ, అంటే భర్తవి, అమీర్‌వి, ఆమెవి, తలా రెండేసి వెతికి పేజీలు రాసుకోండి. ఆ పని అయ్యేలోపు కోపం సగం దిగిపోతుంది.

“నువ్వైతే ఏం చేస్తావు?” అన్న ప్రశ్న ఆ రోజు అడగొద్దు. అడిగితే మర్నాడు అడగండి. పుస్తకం వేడి మీద ఉన్నప్పుడు అది ప్రశ్నలా కాదు, సోదాలా వినిపిస్తుంది. మూడు రోజుల మౌనానికి మాత్రం మా దగ్గర మందు లేదు. రెండో రోజు పేజీ నంబరుతో వెళ్లి ఉంటే బావుండేది.

ప్రశ్న: నేను తెలుగు మీడియం. మా ఆయన ఇంగ్లీషు మీడియం, తెలుగు వింటే అర్థమవుతుంది గానీ పేజీ చదవడానికి పావుగంట పడుతుంది. ఇద్దరం ఒకే పుస్తకం ఎలా చదవాలి?
(డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు చదవండి, ఆయన వినాలి. మామూలు అచ్చు పేజీకి గట్టిగా చదివితే మూడు నిమిషాలు పడుతుందనుకోండి, ఇరవై నిమిషాల్లో ఆరేడు పేజీలు. అంతకు మించితే వినేవాళ్లు కునుకు తీస్తారు, దాన్ని అవమానంగా తీసుకోకండి. సంభాషణల మీద నడిచే కథలు ఎంచుకోండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు దీనికి పుట్టినవే, కళ్లతో చదివితే నెమ్మదిగా సాగే చోట కూడా చెవికి హాయిగా ఎక్కుతాయి. తెలియని పదం వచ్చిన ప్రతిసారీ ఆగి అర్థం చెప్పొద్దు. ఆయన చేతికి ఒక చీటీ ఇచ్చి, వినబడ్డట్టు రాసుకోమనండి. చివర్లో ఇంటర్నెట్‌లోని ఆంధ్రభారతి నిఘంటువులో ఇద్దరూ కలిసి చూడండి. మధ్యమధ్యలో ఆగి వివరిస్తే అది కథ కాదు, ట్యూషను అవుతుంది.

రెండో దారి, మూలం మీరు, అనువాదం ఆయన. ఓల్గా ‘విముక్త’ దీనికి బాగా కుదురుతుంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన పుస్తకం, అయిదే కథలు. నాలుగింట్లో సీత వరసగా శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. అయిదోది రాముడి కథ. 2016లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం పేరు ‘ద లిబరేషన్ ఆఫ్ సీత’. ఇక్కడే ఆగండి. తెలుగు సంపుటికి పేరిచ్చిన ‘విముక్త’ ఊర్మిళ కథ. ఇంగ్లీషు అట్ట మీద విముక్తి సీతది. పుస్తకం తెరవకముందే ఇద్దరి చేతుల్లోనూ రెండు వేరే అభిప్రాయాలున్నాయన్నమాట. ఒక సాయంత్రానికి ఆ తేడా ఒక్కటే సరిపోతుంది.

ఇందులో తరచూ జరిగే పొరపాటు: ఆయనకు నచ్చనిది రచయిత్రి మాటా, అనువాదకుల మాటా అన్నది తేల్చకుండానే వాదనలోకి దిగడం. అభ్యంతరం వచ్చిన వాక్యాన్ని ముందు రెండు భాషల్లోనూ పైకి చదవండి. కొన్ని అభ్యంతరాలు అక్కడికక్కడే రాలిపోతాయి.

ప్రశ్న: మా ఆయన పెన్నుతో గీతలు గీస్తారు. పక్కన “కరెక్ట్”, “నాన్సెన్స్” అని రాస్తారు. ఆ తర్వాత నేను చదవలేను.
(కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పెన్ను మాన్పించండి. పలచటి కాగితం మీద జెల్ పెన్ను సిరా రెండో వైపుకు దిగుతుంది. గట్టి పెన్సిలు నొక్కితే చార పడి, రబ్బరు పెట్టినా పోదు. మెత్తటి పెన్సిలు, 2బి అయితే తేలిగ్గా పడుతుంది, తేలిగ్గా పోతుంది. వాక్యం కింద గీత వద్దు, అంచున నిలువు గీత చాలు. ఎడమ అంచు ఆయనది, కుడి అంచు మీది. విశేషణాలు పుస్తకంలో రాయకూడదు. “నాన్సెన్స్” అని చూశాక ఆ పేరాను ఎవరూ తమ కళ్లతో చదవలేరు. ఆ ముచ్చట చీటీ మీద తీర్చుకుని వెనక అట్టలో పెట్టమనండి, మీరు పూర్తి చేశాక తీసి చూడొచ్చు. గ్రంథాలయం పుస్తకమైతే పెన్సిలు కూడా వద్దు.

ప్రశ్న: ఆయనకు ‘వేయిపడగలు’ ఇద్దరం కలిసి చదవాలని కోరిక. నాకు కథలే ఇష్టం. అంత లావు పుస్తకం చూస్తేనే నీరసం.
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లెక్క వేసుకుంటే భయం తగ్గుతుంది, లేదా నిర్ణయం తేలుతుంది. సుమారు వెయ్యి పేజీలు. రోజుకు పది అయితే మూడు నెలలు దాటుతుంది, వారానికి యాభై అయితే ఇరవై వారాలు. విశ్వనాథ 1934లో దాన్ని 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు, చదవడానికి మనకు ఆ తొందర లేదు. ఒప్పుకుంటే ఒకటే షరతు పెట్టండి: నెమ్మదిగా చదివేవారి గుర్తు ఎక్కడ ఉందో మాట అక్కడే ఆగాలి. జంటగా చదవడం మధ్యలో చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ముందున్నవారు “ఆగు, ఇంకా ఏం జరుగుతుందో చూడు” అంటారు, వెనకున్నవారికి ఆ క్షణం నుంచి అది హోంవర్కు.

ఇంకోటి. ఈ నవల మీద “ఛాందసం” అనే మాటా, “మహాకావ్యం” అనే మాటా ఊళ్లో తయారుగా దొరుకుతాయి. రెండూ ఎరువు సొమ్మే. రెండు వందల పేజీల వరకు ఇద్దరూ ఆ మాటలు ఎత్తకూడదని అనుకోండి. ఈలోపు సుబ్బన్నపేట ఊరి గురించి, పొలంతో పాటు బతికే పసరిక అనే ఆ వింత పాత్ర గురించి మాట్లాడుకోవచ్చు. పసరిక మనిషా, పొలమా అన్నది తేల్చుకోవడానికే ఒక వారం పడుతుంది.

అసలు ఇష్టం లేకపోతే చదవకండి. ఆయన ఒక్కరే చదివి, వారానికి ఒక ఘట్టం, అయిదారు పేజీలు, మీకు చదివి వినిపించాలి. కథ చెప్పకూడదు, చదవాలి. బదులుగా మీరు వారానికో కథ వినిపించండి. బాకీ ఉండదు.

ప్రశ్న: మా ఇద్దరికీ అరవై దాటాయి. చిన్న అక్షరాలు కనబడవు. ఈ రాత్రికే మొదలుపెట్టడానికి ఒక్క కథ చెప్పండి.
(విజయవాడ నుంచి దంపతులు)

జవాబు: ముందు అక్షరాల సంగతి. స్కాన్ చేసిన పుస్తకాన్ని ఫోనులో పెద్దది చేస్తే ప్రతి లైనుకూ తెరను అటూ ఇటూ జరపాలి, విసుగొచ్చి మానేస్తారు. జిరాక్సు షాపులో ఆ కథ మటుకు పెద్దది చేయించుకోండి. ఎ5 కాగితాన్ని ఎ4కు పెంచే కొలత 141 శాతం. మామూలు తెలుగు పుస్తకం పేజీ ఎ5కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి 130, 135 దగ్గర అంచులు తెగకుండా వస్తుంది. ఒక పేజీ తీయించి చూసుకుని మిగతావి తీయించండి. ఒకవైపే తీయమనండి, వెనక ఖాళీ రాసుకోవడానికి పనికొస్తుంది.

కథ, చాగంటి సోమయాజులు (చాసో) ‘వాయులీనం’. చాసో కథలన్నీ చిన్నవే, ఇదీ అంతే. జబ్బుపడ్డ భార్యకు వైద్యం కోసం భర్త ఆమె ఫిడేలు అమ్ముతాడు. సరిగ్గా ఆ చోట చదవడం ఆపేయండి. ఆమెకు తెలిశాక మొదట ఏమంటుందో చెరొక వాక్యం రాయండి, చూపించుకోవద్దు. తర్వాత మిగతా పేజీలు చదివి, చాసో ఆమె చేత ఏమనిపించాడో చూసి, అప్పుడు కాగితాలు తిప్పండి.