జ్వరం పోయింది, నీరసం పోలేదు

అల్లుడూ,

జ్వరం తగ్గి ఆరు వారాలైనా రెండో అంతస్తు ఎక్కేసరికి కాళ్లు వణుకుతున్నాయన్నావు. రిపోర్టులన్నీ నార్మల్ కాబట్టి ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటున్నారేమో అని కూడా అన్నావు. ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నాను.

బద్ధకం కాదురా. నాకూ ఒక వైరల్ జ్వరం తర్వాత ఇదే పరిస్థితి. నెల దాటినా సీసా మూత ఊడదీయడం నా వల్ల అయ్యేది కాదు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒక ఊపు తెచ్చుకుని లేచేదాన్ని. మంచాన పడి ఉన్నప్పుడు కండ కరుగుతుంది, తొడల్లో మరీ త్వరగా. పోవడానికి వారాలు చాలు, రావడానికి నెలలు కావాలి. కోవిడ్ ఒక్కటే కాదు, ఫ్లూ, డెంగీ తర్వాత కూడా ఇలా సాగుతుంది. చికున్‌గున్యా అయితే కొందరికి కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు.

నేను చేసిన తప్పు చెబుతాను విను. ఒకరోజు పొద్దున్నే హాయిగా అనిపించింది. ఇక బాగైపోయాననుకుని అల్మారాలన్నీ ఖాళీ చేసి, దులిపి, సర్దేశాను. ఆ రాత్రి ఏమీ కాలేదు. మర్నాడు కూడా పర్వాలేదు. మూడోరోజు పొద్దున తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. మామూలు అలసట అయితే రాత్రికే తెలుస్తుంది, నిద్రపోతే తీరుతుంది. ఇది ఒకటి రెండు రోజులు ఆగి పడగొడుతుంది. అందుకే అల్మారాకీ దీనికీ సంబంధం ఉందని నాకు మూడుసార్లు పడితే గానీ తట్టలేదు.

అప్పుడొక నోట్‌బుక్ పెట్టాను. ఎడమ పేజీలో ఆ రోజు చేసిన పనులు, కుడి పేజీలో తర్వాత రెండు రోజులు ఒళ్లెలా ఉందో. రెండు వారాలకే నా హద్దు ఎక్కడుందో కనపడింది. ఇంకా ఓపిక ఉండగానే పని ఆపేయడం నేర్చుకున్నాను. చెప్పినంత తేలిక కాదులే, చీపురు సగంలో వదిలేయడం నా చేత అయ్యే పనేనా! స్నానం కూడా స్టూల్ మీద కూర్చునే చేసేదాన్ని.

నీకు పని చేసిన మర్నాడో ఆ మర్నాడో ఇలా కూలబడటం లేకపోతే, వట్టి కండ బలమే తగ్గినట్టయితే, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చో, రోజుకు రెండుసార్లు. వారానికి ఒకటో రెండో పెంచు. కూలబడుతుంటే మాత్రం ఇది వద్దు. "చెమట పట్టేలా చెయ్, అదే పోతుంది" అనేవాళ్ల మాట అసలే వినకు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే నెలల తరబడి నీరసం తీరక, పని చేస్తే ఇలాగే కూలబడే జబ్బు, ఉన్నవాళ్లకు వ్యాయామాన్ని లెక్కప్రకారం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో డాక్టర్లకు వైద్య సూచనలిచ్చే నైస్ అనే సంస్థ 2021లో తన మార్గదర్శకాలే మార్చుకుంది.

ఇంతకీ ఏ రిపోర్టులు నార్మల్? హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, పొటాషియం, కండరాల ఎంజైమ్ సీకే చూశారా? జ్వరంలో స్టెరాయిడ్స్ ఏమైనా ఎక్కువ రోజులు వాడారా? అవీ తొడల బలం తీసేస్తాయి. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పు, నీ అంతట నువ్వు మానేయకు. డాక్టర్ దగ్గర "నీరసంగా ఉంది" అని ఊరుకోకు. "ఇదివరకు ఆగకుండా నలభై మెట్లు ఎక్కేవాణ్ని, ఇప్పుడు పన్నెండో మెట్టు దగ్గర ఆగుతున్నాను" అను. నా మాట డాక్టర్ చెవికెక్కింది అలా చెప్పిన రోజే.

ఒక్కదానికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకు. రెండు పాదాల్లో తిమ్మిరి మొదలై, బలహీనత రోజురోజుకీ కాళ్ల నుంచి పైకి పాకుతుంటే, మింగడమో ఊపిరో కష్టమైతే, అది గీయాన్ బారే సిండ్రోమ్ కావచ్చు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి మన నరాల మీదే దాడి చేసే జబ్బు. ఆ రాత్రికి ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, విపరీతమైన కండరాల నొప్పితో మూత్రం టీ రంగులోకి మారినా అంతే.

ఆఫీసులో కొన్నాళ్లు సగం పూట అడుగు, మొహమాటపడకు. నోట్‌బుక్ ఇవాళే మొదలుపెట్టు. రెండు వారాల తర్వాత ఆదివారం ఫోన్ చేస్తాను. ఎడమ పేజీ నాకొద్దు, కుడి పేజీ చదివి వినిపించు.

మీ అత్త