మా దగ్గరి ఎయిర్‌పోర్టు ఇప్పుడు వడ్ల కల్లం

మీ ప్రాంతంలో మూతపడిన విమానాశ్రయం ఉందా, ఇప్పుడక్కడ ఏం జరుగుతోంది అని అడిగారు. మాకు ఉంది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో, సిమెంట్ ఫ్యాక్టరీ కోసం బిర్లాలు సొంతంగా కట్టుకున్నది. 1980లలో హైదరాబాద్ నుంచి వాయుదూత్ అనే ప్రభుత్వ సంస్థ విమానాలు కూడా వచ్చేవి. చుట్టూ ఎన్టీపీసీ, సింగరేణి, ఎరువుల ఫ్యాక్టరీ ఉన్నాయి కాబట్టి పెద్ద ఆఫీసర్ల రాకపోకలకు కొదవ లేదు. నష్టాల్లో మునిగిన వాయుదూత్ 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాత ఆ రన్‌వేను నిజంగా వాడుకున్నది మా రైతులే.

ఒక ఏడాది యాసంగి కోతలప్పుడు నేను మా మేనమామ వాళ్లింట్లో ఉన్నాను. వడ్లు ఆరబోయడానికి ట్రాక్టర్ల మీద రన్‌వేకి తీసుకెళ్లేవాళ్లు. సాయంత్రం రామగుండం వైపు మబ్బు పట్టి ఒక్కసారిగా గాలిదుమారం లేచింది. ఏప్రిల్లో వచ్చే చెడగొట్టు వాన ఎంత పని చేస్తుందో వరి పండించిన ఇంటివాళ్లకే తెలుసు. "అల్లుడా, వడ్లన్నీ నడిమికి జరుపు, అంచుకు ఉంచకు!" అని మామ కేకేశాడు. అందరం కలిసి కుప్ప చేసి పరదాలు కప్పాం. బరువు పెడదామంటే ఆ మైదానంలో రాళ్లు కూడా దొరకవు. అత్తమ్మ, నేను పరదా కొసల మీద కూర్చుండిపోయాం. వాన దంచి కొట్టింది. కానీ నీళ్లు నిలవకుండా రన్‌వే నడిమి నుంచి రెండు పక్కలకూ వాలు ఉంటుంది కదా, మా కుప్ప కింద చుక్క చేరలేదు. అంచున పోసినవాళ్ల వడ్లు మాత్రం గడ్డిలోకి కొట్టుకుపోయాయి. వాళ్లింటి ఆడవాళ్లు చీకట్లో చాటలతో ఎత్తుకుంటుంటే చూడలేకపోయాను.

ఇంత కష్టపడి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపుతారు, దాటకపోతే తరుగు పేరుతో తూకంలో కోస్తారు. తేమ తగ్గాలంటే ఆరబోసే జాగా ఉండాలి. అది లేకే జనం తారు రోడ్ల మీద పోస్తారు, రాత్రిపూట బైకులవాళ్లు ఆ కుప్పలకు గుద్దుకుని ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రం కల్లాలు కట్టిస్తే, ఆ నిధులు దారి మళ్లించారంటూ 2022లో కేంద్రం 151 కోట్లు తిరిగి కట్టమంది. రైతుకు నాలుగు గజాల గచ్చు ఇవ్వడం కూడా నేరమా?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా బసంత్‌నగర్‌కు మళ్లీ విమానం అంటారు. ఆ మాట పేపర్లో పడగానే ప్లాట్లవాళ్లు దిగుతారు, పత్తి చేలల్లో రంగు రాళ్లు పాతుతారు. నా మట్టుకు నాకు ఇక్కడికి విమానం అక్కర్లేదు. రాజీవ్ రహదారి బాగుపడ్డాక హైదరాబాద్ పోవడానికి టికెట్ కొని ఎక్కేవాళ్లు ఎందరుంటారు? ఇప్పుడు అంతర్గాం వైపు కొత్త స్థలం చూస్తున్నారు కూడా. అలాంటప్పుడు ఈ పాత రన్‌వేను చుట్టుపక్కల ఊళ్ల రైతులకు కల్లంగా రాసివ్వాలి. పగుళ్లు పూడ్చి, ఒక పక్కన రేకుల షెడ్డు వేసి, నాలుగు లైట్లు పెట్టి, కొనుగోలు కేంద్రాన్ని కూడా అక్కడికే తేవాలి.