జెల్ గట్టిపడింది సరే, కాలేయం పనిచేస్తోందా?

అమ్మా,

జెల్‌లో కాలేయ కణాల్ని పెంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. జెల్ నిండా బతికున్న కణాల ఆకుపచ్చ చుక్కలే, చచ్చినవాటి ఎర్ర చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సంతోషమే. కానీ ఆ ఆకుపచ్చ కణం బతికుందని చెబుతుందంతే, కాలేయ కణంగా బతికుందో లేదో చెప్పదు. హెపటోసైట్లు, అంటే కాలేయపు ముఖ్య కణాలు, మామూలు ప్లాస్టిక్ డిష్‌లోనూ కొన్నాళ్లు బతుకుతాయి. కాకపోతే రెండు మూడు రోజుల్లోనే చదునుగా పరుచుకుని, మందుల్ని మార్చే సైటోక్రోమ్ పి450 ఎంజైముల్ని చాలావరకు పోగొట్టుకుంటాయి, ఆల్బుమిన్ అనే రక్తపు ప్రొటీన్ తయారీ కూడా తగ్గించేస్తాయి. మనం జెల్ దగ్గరికి వచ్చింది ఆ మతిమరుపును ఆపడానికే కదా.

నీ జెలటిన్ మెథాక్రిలాయిల్ జెల్ (కాంతితో గట్టిపడే జెలటిన్) నాకు మరీ గట్టిగా కనిపిస్తోంది. ఫోర్సెప్స్‌తో ఎత్తడానికి బాగుంటుందని గాఢత పెంచి, కాంతి కూడా ఎక్కువసేపు వేసి ఉంటావు. అది మన చేతికి సుఖం, కణానికి కాదు. ఫైబ్రోస్కాన్‌లో (కాలేయం గట్టితనం కొలిచే స్కాన్) ఆరోగ్యమైన కాలేయం సుమారు 5 కిలోపాస్కల్స్ చూపిస్తే, సిర్రోసిస్‌లో అది 12 దాటిపోతుంది. (ఆ అంకెనూ జెల్ గట్టితనం కొలిచే నీ రియోమీటర్ అంకెనూ ఒకే గాటన కట్టకు, కొలిచే పద్ధతులు వేరు.) రేపు కాలేయంలోనే ఉండే స్టెల్లేట్ కణాల్ని కలిపావంటే, గట్టి జెల్‌లో అవి మేల్కొని మచ్చ కణజాలం అల్లడం మొదలుపెడతాయి. ఫైబ్రోసిస్ నమూనా కావాలంటే అది వేరే సంగతి.

మందం కూడా తగ్గించు. హెపటోసైట్లు ఆక్సిజన్ విషయంలో మహా ఆకలిగొట్టువి. రక్తనాళాలు లేనిచోట 100 నుంచి 200 మైక్రోమీటర్ల లోతు దాటితే వాటికి అందదు. మిల్లీమీటర్ల మందాన పోసి, నడుమ కణాలు చచ్చాయని జెల్‌ను తిట్టుకుంటే ఏం లాభం?

కొలాజెన్ జెల్‌తో నేను పడ్డ అవస్థ ఒకటి చెబుతాను. ఐస్ మీద తటస్థం చేసి, కణాలు కలిపి, ఇంక్యుబేటర్‌లో పెట్టి వెళ్లిపోయాను. త్రీడీ కల్చర్ చేశానని నెల రోజులు మురిశాను. తర్వాత అడ్డంగా కోసి చూస్తే, జెల్ గట్టిపడేలోగా కణాలన్నీ అడుక్కి దిగి ఒక్క పొరగా కూర్చున్నాయి! అప్పటినుంచి జెల్ కుదురుకునేదాకా మధ్యమధ్య తిరగేస్తూనే ఉంటాను.

కాల్షియంతో గట్టిపడే అల్జినేట్ జెల్ వాడితే ఫాస్ఫేట్ బఫర్‌తో కడగకు, ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసి జెల్‌ను జావ చేస్తుంది. మాట్రిజెల్ అనే జెల్ ఎలుక కణితి నుంచి తీసేది, లాట్ లాట్‌కీ తేడా. ప్రయోగం మొత్తానికి ఒకే లాట్ కొని పెట్టుకో.

ఇక కొలతలు. ఆల్బుమిన్, యూరియా రెండూ డీఎన్‌ఏ లెక్కకు, అంటే కణాల సంఖ్యకు, కుదించి చూపించు. హెప్‌జీ2 లాంటి కాలేయ క్యాన్సర్ కణాలు విపరీతంగా పెరుగుతాయి గనక మొత్తం ఆల్బుమిన్ పెరిగితే పని మెరుగైందని కాదు, జనాభా పెరిగిందంతే. కణాలు లేని ఖాళీ జెల్ ఒకటి, అదే రోజు అవే కణాలు వేసిన ప్లాస్టిక్ డిష్ ఒకటి పక్కన ఉండాల్సిందే. కొంత ఆల్బుమిన్ జెల్‌లోనే చిక్కుకుంటుంది, మీడియంలో తక్కువ కనిపిస్తే కంగారుపడకు. మానవ హెపటోసైట్లయితే రిఫాంపిసిన్ అనే మందు ఇచ్చి చూడు, సీవైపీ3ఏ4 (ఆ పి450 ఎంజైముల్లో ఒకటి) పెరగాలి. పెరగకపోతే ఆకుపచ్చ చుక్కలెన్ని ఉన్నా నేను ఒప్పుకోను.

ఈసారి ఫోటో వద్దు. ఏడో రోజు, పద్నాలుగో రోజు అంకెలు పంపు, ఖాళీ జెల్‌వి కూడా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు