బాండ్ కోట్ ఏది వేస్తావు అని ఇంటర్వ్యూలో అడిగితే

ప్రశ్న: నేను మెటలర్జీ బీటెక్ ఫైనలియర్ అమ్మాయిని. బాలానగర్ వైపు ఒక థర్మల్ స్ప్రే కోటింగ్ (కరిగించిన పౌడర్‌నో తీగనో వేగంగా చిమ్మి పూత వేసే) యూనిట్‌లో ట్రైనీ ఇంజినీర్ ఇంటర్వ్యూకి వెళ్లాను. గ్యాస్ టర్బైన్ దహన గది భాగానికి జిర్కోనియా అనే సిరామిక్ కోటింగ్ వేయాలి, దాని కింద బాండ్ కోట్ ఏది వేస్తావని అడిగారు. నికెల్-అల్యూమినియం అన్నాను, ఎందుకో చెప్పలేకపోయాను. బాగా చదువుకుని వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. నాన్నేమో ఇదంతా వద్దు, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: ముందు ఒక్క మాట తల్లీ. జవాబు చెప్పలేకపోయిన అభ్యర్థిని మళ్లీ రమ్మన్నారంటే వాళ్లకి నీలో ఏదో నచ్చింది, కాబట్టి ఆ టెన్షన్ పక్కన పెట్టు. వాళ్లు అడిగింది పౌడర్ పేరు కాదు, ఆ పేరు సప్లయర్ కేటలాగ్‌లో ఎవరైనా చూసి చెప్తారు. ఆ భాగం ఎంత వేడిలో, ఏ వాతావరణంలో, ఎలా పనిచేస్తుందో నువ్వు ఎదురు ప్రశ్న వేస్తావా లేదా అన్నదే వాళ్లు చూసింది. ఈ రంగంలో మనిషికి విలువ వచ్చేది అక్కడే.

బాండ్ కోట్ అంటే జిగురు అనుకుని చాలామంది ఆగిపోతారు. అతుక్కునేలా చేయడం దాని పనిలో సగమే. జిర్కోనియా వేడిని బాగా ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ని ఆపలేదు. దాని రంధ్రాల్లోంచి, పగుళ్లలోంచి, ఆ వేడికి స్ఫటికంలోంచి కూడా ఆక్సిజన్ కిందికి దిగిపోతుంది. అంటే అసలు లోహాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడాల్సింది కింద ఉన్న ఆ పల్చటి పొరే, దాని మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. దాంట్లో ఉన్న అల్యూమినియం ఆక్సిజన్‌తో కలిసి పైన పల్చగా, గట్టిగా అల్యూమినా పొర కడుతుంది. ఆ అల్యూమినా మెల్లగా పెరిగినంత కాలం భాగం క్షేమం. అల్యూమినియం అయిపోయిందంటే నికెల్, క్రోమియం ఆక్సైడ్లు లేచి ఉబ్బుతాయి, జిర్కోనియా పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇక వేడికి సాగడం. మీటరు పొడవున్న ముక్కని వెయ్యి డిగ్రీలు వేడి చేస్తే నికెల్ సూపర్ అల్లాయ్ (టర్బైన్ వేడి భాగాలు చేసే లోహం) సుమారు 14 నుంచి 16 మిల్లీమీటర్లు సాగుతుంది, జిర్కోనియా 10, 11 దగ్గరే ఆగుతుంది. టర్బైన్ ఆన్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఆ తేడా బరువంతా పడేది ఈ రెండింటి మధ్య గీత మీదే. అందుకే ఎంత వేడి అని మాత్రమే అడగకు, రోజుకి ఎన్నిసార్లు ఆపి మొదలుపెడతారని కూడా అడుగు. నెలల తరబడి ఆగకుండా నడిచే యంత్రం వేరు, రోజూ ఆగి మొదలయ్యేది వేరు.

ఇప్పుడు నీ జవాబు సంగతి. నికెల్ 95, అల్యూమినియం 5 శాతం ఉన్న తీగ మంచి సరుకే, ఆర్క్ స్ప్రేలో (కరెంటు ఆర్క్‌తో తీగ కరిగించి చిమ్మే పద్ధతి) చవకగా పడుతుంది, బాగా అతుక్కుంటుంది, అరిగిపోయిన భాగాలు నింపడానికీ పనికొస్తుంది. కానీ అందులో ఉన్న కాస్త అల్యూమినియం ఎక్కువ వేడిలో ఎక్కువ కాలం నిలవదు. లోహం 650, 700 డిగ్రీల లోపు ఉండే చోట దాన్ని వాడుకోవచ్చు. అంతకు మించి 900 దగ్గరి దాకా నికెల్ 80, క్రోమియం 20 ఉన్నది ఆలోచించవచ్చు. దహన గది, బ్లేడ్లు లాంటి చోట్ల వాడేది ఎమ్‌క్రాలీ కుటుంబం. ఇక్కడ ఎమ్ అంటే నికెల్ గానీ కోబాల్ట్ గానీ రెండూ గానీ, వాటితో క్రోమియం, అల్యూమినియం, చిటికెడు ఇట్రియం. ఆ ఇట్రియం అర శాతం ఉన్నా చాలు, లోహంలో మిగిలిన గంధకాన్ని పట్టి ఉంచి అల్యూమినా ఊడిపోకుండా చూస్తుంది. మాలిబ్డినం గురించి కూడా అడగొచ్చు. నునుపైన ఉక్కు మీద కూడా అది అద్భుతంగా పట్టుకుంటుంది, పిస్టన్ రింగుల మీద వాడతారు, కానీ గాలిలో 300 డిగ్రీలు దాటాక ఆక్సీకరణ మొదలవుతుంది కాబట్టి వేడి భాగాల దగ్గర దాని ఊసే వద్దు.

ఎమ్‌క్రాలీలో ఏ రకం అంటారా, అది ఇంధనాన్నీ గాలినీ బట్టి. శుభ్రమైన గ్యాస్ మండుతూ ఆక్సీకరణ ఒక్కటే సమస్య అయితే నికెల్ ఎక్కువ ఉన్నది. విశాఖ తీరంలో తిరిగే నౌకల గ్యాస్ టర్బైన్ల లాంటి చోట సముద్రపు ఉప్పు, ఇంధనంలోని గంధకం కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది, 650 నుంచి 750 డిగ్రీల మధ్య అది లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది, అక్కడ క్రోమియం బాగా ఎక్కువ ఉన్న రకం నయం. గమనించావా, వేడి తక్కువైనంత మాత్రాన ప్రమాదం తగ్గలేదు. ఇంధనంలో వెనేడియం ఉంటే అది పైనున్న జిర్కోనియాని స్థిరంగా ఉంచడానికి కలిపే ఇట్రియానే (ఇట్రియం ఆక్సైడ్) లాగేసుకుంటుంది, అప్పుడు ఎంత ఖరీదైన బాండ్ కోట్ వేసినా కోటింగ్‌ని కాపాడలేదు.

ఇంకో విషయం, ఇది చాలామంది చెప్పరు. అన్ని కోటింగులకీ బాండ్ కోట్ అక్కర్లేదు. హెచ్‌వీఓఎఫ్‌తో (ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి పౌడర్‌ని అతివేగంగా కొట్టే పద్ధతి) టంగ్‌స్టన్ కార్బైడ్, క్రోమియం కార్బైడ్ లాంటివి మామూలుగా ఉక్కు మీద నేరుగానే వేస్తారు. అడగ్గానే ఏదో ఒక పేరు చెప్పేయకుండా "ఇక్కడ అసలు అవసరమా" అని అడిగే అమ్మాయిని నేనైతే వదులుకోను.

పౌడర్ ఎంత బాగా ఎంచుకున్నా కింద ఉపరితలం సిద్ధం చేయకపోతే వృథా. మేస్త్రీ పాత గోడకి చెక్కులు కొట్టి గానీ సిమెంటు వేయడు, ఇక్కడ ఆ పని అల్యూమినా గ్రిట్‌తో (గట్టి గరుకు రేణువులు) బ్లాస్టింగ్ చేస్తుంది. నూనె తుడవాలి, బ్లాస్ట్ చేయాలి, తేమ పట్టకముందే స్ప్రే మొదలవ్వాలి. ప్లాస్మాతో వేసే జిర్కోనియాకి బాండ్ కోట్ కూడా గరుకుగానే ఉండాలి, హెచ్‌వీఓఎఫ్‌లో సన్న పౌడర్ వాడి మరీ నునుపుగా వస్తే పై పొరకి పట్టు దొరకదు. ఊడిపోయిన భాగం చేతికిస్తే ముందు ఎక్కడ ఊడిందో చూడు. లోహం దాకా ఊడితే బ్లాస్టింగునో శుభ్రతనో అనుమానించు, బాండ్ కోట్ లోహం మీద అలాగే ఉండి జిర్కోనియా మాత్రమే పోతే వేడి, ఆక్సీకరణ, ఆపి మొదలుపెట్టడం వైపు చూడు. ఈ ఒక్క అలవాటు నిన్ను మిగతా ట్రైనీల నుంచి వేరు చేస్తుంది.

ఇక నాన్నగారి భయం. అది న్యాయమైనదే, ఇలాంటి యూనిట్లలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఆఫర్ల పక్కన చిన్నగానే కనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో ఈ పనికి ఉన్నంత చుట్టరికం అన్ని ఊళ్లలో ఉండదు. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఉంది, డిటొనేషన్ స్ప్రే (పేలుడు వేగంతో పౌడర్‌ని కొట్టే పద్ధతి) లాంటి పూతల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది, కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, సూపర్ అల్లాయ్‌లు తయారుచేసే మిధాని ఉన్నాయి, శంషాబాద్ దగ్గర 2025 నవంబర్‌లో సఫ్రాన్ వాళ్ల లీప్ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం మొదలైంది. రెండేళ్లు షాపులో పనిచేసి, గేట్‌లో మెటలర్జీ పేపర్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలోనో ఇంకో మంచి చోటో ఎంటెక్ చేస్తే తలుపులు ఇంకా తెరుచుకుంటాయి. నీకు నిజంగా కోడింగ్ ఇష్టమైతే వెళ్లు, ఎవరూ ఆపరు, కానీ ఒక ఇంటర్వ్యూలో తడబడ్డానని మాత్రం వెళ్లకు.

ఈ నెల రోజుల్లో మీ ల్యాబ్‌లో అడిగి ఒక కోటింగ్ ముక్కని అడ్డంగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి రంధ్రాలు, ఆక్సైడ్ గీతలు, ఇరుక్కుపోయిన గ్రిట్ నీ కళ్లతో గుర్తుపట్టు. కోటింగ్‌కి జిగురు అంటించి లాగి చూసే ఏఎస్‌టీఎం సీ633 పట్టు పరీక్ష ఎలా చేస్తారో చదువు. అందులో వాడే జిగురు 70 మెగాపాస్కల్స్ చుట్టుపక్కల తెగిపోతుంది కాబట్టి అంతకు మించిన పట్టుని ఆ పరీక్ష కొలవలేదని కూడా తెలుసుకో. మళ్లీ వెళ్లినప్పుడు స్ప్రే బూత్ చూపించమని అడుగు, మొహమాటపడకు. ప్లాస్మా గన్ చప్పుడు చెవులు పాడుచేసేంత ఉంటుంది, నికెల్, క్రోమియం పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, కాబట్టి ఎగ్జాస్ట్ సరిగ్గా లాగుతోందా, చెవులకి మఫ్‌లు, ముఖానికి సరైన రెస్పిరేటర్ ఇస్తున్నారా చూడు. అవి లేని చోట జీతం ఎంతిచ్చినా చేరొద్దు, నాకు మళ్లీ రాయి, ఇంకో చోటు చూద్దాం.