చిట్టీ, పెరుగన్నం మొదలుపెట్టే ముందు ఇది చదువు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెద జాలారిపేట దగ్గర తిరిగే కుక్కని రూముకి తెచ్చుకున్నావని, దానికి ఒళ్ళంతా దురదలని, చికెన్ మాన్పించి రేపటి నుంచి పెరుగన్నం పెడతానంటున్నావని. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే ఇంకో ప్రాణం బాధ్యత తీసుకున్నావు, నాకు ఎంత గర్వంగా ఉందో తెలుసా. కానీ పెరుగన్నం మాట వినగానే గుండె గుభేలుమంది. ఫోన్ చేస్తే తిట్టేస్తానేమోనని రాస్తున్నాను.

ముందు డాక్టరుకి చూపించు. దురదలు ఎక్కువగా పేలు, పిడుదులు, దుమ్ముధూళి వల్లే వస్తాయి, తిండి వల్ల వచ్చేవి తక్కువ. చర్మం కొంచెం గీకి మైక్రోస్కోపులో చూస్తే గజ్జి పురుగు కనిపించొచ్చు, కనిపించకపోయినంత మాత్రాన లేదని కాదు. మన వైజాగ్ ఉక్కకి చెవుల్లో, వేళ్ళ సందుల్లో ఈస్ట్ అనే ఫంగస్ పెరిగి ముక్కవాసన వస్తుంది, దానికి మందు వెయ్యాలి, తిండి మారిస్తే పోదు.

ఇప్పుడు మా కుక్క రాజుగాడి సంగతి. వాడి మెడకి రిబ్బన్లు కట్టి ఆడుకోవడం నీకు గుర్తుంటుంది, వాడు పడ్డ అవస్థ నీకు తెలీదు.

2013 వేసవిలో వాడి చెవులు ఎర్రబడ్డాయి, పాదాలు నాకి నాకి బొచ్చు గోధుమ రంగుకి తిరిగింది. చికెన్ వేడి, పెరుగు చలవ. మా అమ్మ అదే అంది, మా అత్తగారు అదే అన్నారు, నాకూ అంతే తెలుసు. పాలు వాడు చిన్నప్పటి నుంచీ తాగుతున్నవే, నేను చికెన్ ఆపి మూడు పూటలా పెరుగన్నం చేశాను. అదే వారం ఒక క్లినిక్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వేయించాం. మూడో రోజుకి గోకడం ఆగింది. చూశారా, పెరుగన్నం ఎలా పనిచేసిందో అని వీధంతా చెప్పుకున్నాను. నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. పక్కింటి పిల్లాడు చికెన్ ముక్క వేసి ఉంటాడని వాళ్ళమ్మతో గొడవపడ్డాను, పాపం వాళ్ళు వెయ్యలేదు. మళ్ళీ ఇంజెక్షన్, మళ్ళీ పెరుగన్నం. ఇలా ఏడాది దాటింది. బకెట్లకి బకెట్లు నీళ్ళు తాగేవాడు, రాత్రి రెండుసార్లు బయటికి తీసుకెళ్ళమని తలుపు గీకేవాడు, పొట్ట జారింది, నడుం మీద బొచ్చు పల్చబడింది. అదంతా ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్లని తెలీక వయసు మీద పడిందనుకున్నాం. అప్పటికి వాడికి ఆరేళ్ళే చిట్టీ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, పాల ప్యాకెట్ కోసం మీ పెదనాన్న తెల్లవారకముందే వెళ్ళి ఒక్కోరోజు ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు. ఇక రాజుకి పెరుగెక్కడిది? అన్నం, ఉడికించిన గుడ్డు, ఎవరైనా ఇస్తే చికెన్. తర్వాత పాలు మామూలుగా దొరుకుతున్నా, ఇంటి రిపేర్ల గొడవలో వాడికి అదే తిండి సాగింది. కార్తీకమాసం అయ్యేసరికి ఒకరోజు మీ పెదనాన్న, వీడు పాదాలు నాకడం మానేశాడే అన్నారు. ఇంజెక్షన్ వేయించి అప్పటికి రెండు నెలలు దాటింది. చికెన్ తింటూనే తగ్గింది! సంక్రాంతికి ప్రేమగా మళ్ళీ పెరుగన్నం పెడితే నాలుగో రోజుకి చెవులు కందిపోయాయి.

అప్పుడు వేరే డాక్టరు గారి దగ్గరికి వెళితే చెప్పారు, కుక్కలకి పడనివాటిలో గొడ్డుమాంసం, పాలు, చికెన్, గోధుమ ముందుంటాయని. వేడి, చలవ లెక్క కాదు, అందులో ఉండే ప్రొటీన్ దాని ఒంటికి పడటం, పడకపోవడం. వాడికి పడని ఆ పెరుగన్నాన్నే నా చేత్తో కలిపి ముద్దలు చేసి ఏడాదిన్నర పెట్టాను. వాడు తోక ఊపుకుంటూ తిన్నాడు.

అందుకే రేపే ఏదీ మొదలుపెట్టకు. డాక్టరు తిండి మీద అనుమానం ఉందంటే, అది ఇంతవరకూ తినని ఒక మాంసం, ఒక దుంప మాత్రమే ఎంచుకోండి. జాలారిపేట కుక్క చేప తినకుండా ఉంటుందా? కాబట్టి చేప కొత్త తిండి కాదు. మేకమాంసం, చిలగడదుంప లాంటిదేదైనా చూడు, లేదా ప్రొటీన్‌ని బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి చేసే హైడ్రొలైజ్డ్ ఫుడ్ డాక్టరే రాసిస్తారు, ఖరీదెక్కువ. కనీసం ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాల్లో ఒక్క బిస్కెట్ కూడా వద్దు, అందులో గోధుమా పాలపొడీ రెండూ ఉంటాయి. రుచి కలిపిన నట్టల మాత్రల గురించి కూడా డాక్టరుని అడుగు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారికి నువ్వే వెళ్ళి చెప్పు, ఆయన టీలో బన్ను ముంచి పెడతారని మీ అమ్మ అంది.

దురద భరించలేకపోతుంటే డాక్టరు స్టెరాయిడ్ ఇవ్వొచ్చు, వద్దనకు. కానీ తేదీ రాసి పెట్టుకో, ఆ మందు పనిచేసిన రోజుల్ని తిండి ఖాతాలో వెయ్యకు. తగ్గాక పాత తిండి ఒక్కొక్కటే తిరిగి పెట్టి రెండేసి వారాలు చూడాలి, మళ్ళీ గోకితే దోషి దొరికినట్టే. తిండి అలర్జీకి రక్తపరీక్ష చేయిస్తామంటే డబ్బు దండగ, దాన్ని నమ్మలేం. చేప నూనె చర్మానికి మంచిదే, దాన్ని ఇప్పుడే కలిపి గందరగోళం చెయ్యకు. నెలల తరబడి ఇంటి తిండే అయితే కాల్షియం, జింకు తక్కువైపోతాయి, డాక్టరుతో లెక్క వేయించుకో. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర గిన్నె మాత్రం దాని దగ్గరికే రానివ్వకు.

ఎనిమిది వారాలంటే నీకు విసుగొస్తుంది, నాకు తెలుసు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి వేరే గిన్నెలో వండాలి, అది నీ ప్లేటు వంక జాలిగా చూస్తుంటే ముద్ద పెట్టకుండా తినాలి. ఆదివారాలు నేనొచ్చి వండిపెడతాను. ఈలోగా దాని చెవుల ఫోటోలు, పాదాల ఫోటోలు వాట్సాప్‌లో పంపు, ఇవాళ్టి దాకా అది ఏమేం తిన్నదో ఒక్కటీ వదలకుండా రాసి పంపు. దానికి ఏం పేరు పెట్టావో కూడా చెప్పు, మీ అమ్మ మర్చిపోయింది.

మీ పెద్దమ్మ