ఆడేవారు, ఆడించేవారు

ప్రశ్న: నేను సొంత సంపాదనతో ఫోనులో రమ్మీ ఆడుకునేవాడిని, ఎవరికీ బాకీ పడలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ 2025లో కేంద్రం నిషేధించింది. సిగరెట్టునూ మద్యాన్నీ అమ్మనిచ్చే ప్రభుత్వానికి నా ఆటను ఆపే హక్కు ఎక్కడిది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ఆక్షేపణలో సగం న్యాయం ఉంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మీ ఊళ్ళోనే ఉంది; 99 రూపాయలకే క్వార్టరు సీసా దొరికేలా 2024లో మద్యం విధానాన్ని మార్చింది మన రాష్ట్ర ప్రభుత్వమే. అలాంటి ప్రభుత్వాలు వ్యసనాల గురించి నీతి చెబితే వినడం ఎవరికైనా కష్టమే.

అయితే ఆ చట్టం శిక్షించేది ఆడేవారిని కాదు. ఆడించేవారిని, ఆ ఆటలకు ప్రకటనలు ఇచ్చేవారిని, డబ్బు చేరవేసేవారిని. ఆట నడిపినవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆడిన మీకు ఆ చట్టం కింద ఏ శిక్షా లేదు. ఈ తేడా కొత్తదేమీ కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో పేకాడినవారి కేసులో 1968లో తీర్పు చెబుతూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని సుప్రీంకోర్టు అన్నది. ఆన్‌లైన్ సంస్థలు పట్టుకు వేలాడింది ఆ ఒక్క మాటనే. ఆట మీద క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్టు రుజువైతే అది నేరం కావచ్చునని అదే తీర్పు చెప్పిన సంగతి మాత్రం అంతగా వినిపించలేదు.

నలుగురు మిత్రులు ఇంట్లో కూర్చుని ఆడితే ఒకరు పోగొట్టుకున్నది మరొకరి జేబులోకి వెళుతుంది. ఫోనులో అలా కాదు: గెలుపు ఎవరిదైనా ఆడించేవాడి వాటా ముందే పక్కకు పోతుంది, మీరు ఎంతసేపు ఆడితే అతనికి అంత ఆదాయం, కాబట్టి మానేద్దామనుకున్నవారికి బోనసు ఆశ చూపి మళ్ళీ పిలిపించడం అతని వ్యాపారంలో భాగమే.

ఇందుకు భిన్నంగా, 1995 జనవరి 16న అమలులోకి వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం అమ్మినవాడితో పాటు కొని తాగినవాడిని కూడా నేరస్థుడిని చేసింది. 1997లోనే దాన్ని సడలించవలసి వచ్చింది. అంతకుముందు సారా మీద తిరగబడిన దూబగుంట మహిళలు పట్టుబట్టింది దుకాణం మూయించాలని. ఎవరిని పట్టుకోవాలో వారికి స్పష్టంగా తెలుసు. అందుకే ఆడించేవారి మీద నిషేధాన్ని నేను సమర్థిస్తాను. రేపు పోలీసులు మీ ఫోను తెరిచి చూస్తామంటే మాత్రం మీ పక్షాన నిలబడతాను. ఇదే కొలతతో చూస్తే, మద్యం ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వం కూడా ఆడించేవారి వరుసలోనే ఉంటుంది.

ప్రశ్న: బస్సు కోసం నిలబడి సిగరెట్టు కాల్చినందుకు నాకు జరిమానా వేశారు. ఇది స్వేచ్ఛను హరించడం కాదా?
– ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: కాదు. 2008 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్న ఈ నియమం మిమ్మల్ని మానెయ్యమనడం లేదు, మీ పక్కన నిలబడ్డవారి చేత ఆ పొగ పీల్పించవద్దంటోంది. జరిమానా 200 రూపాయలకు మించకూడదు. మీరు కట్టినదానికి రసీదు తీసుకున్నారా?